అరవై జతల గురిగింజలు

ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చి మునిరత్నమ్మ అడిగింది చాలా చిన్న విషయం. బుధవారం తెచ్చిన ఆకు సంచిలో తన మూట ఒకటి ఉండిపోయిందట, అది ఇస్తే ఒంటిగంట బస్సుకు పోతానంది.

"ఏం మూటమ్మా?" అంది ప్రేమకుమారి గేటు గడియ తీస్తూ.

"గురిగింజల మూటమ్మా. పాత సీర గుడ్డలో కట్టి సంచి అడుగున పెట్టుకోనుంటి. మీ ఇంట్లో సంచి దించేసి, మాటల్లో పడి మరిసిపోయి పోయినా. వినాయకుని పండగ దగ్గరపడె. బొమ్మలాయన కండ్లకు గింజలు యాడ అని ఫోను మీద ఫోను చేస్తాండాడు."

ఈ పక్క మట్టి వినాయకుడికి గురివింద గింజలే కళ్ళు. ఎర్రటి గింజ, చివర నల్లటి చుక్క, తడి మట్టిలో ఒత్తితే చాలు, స్వామి చూడడం మొదలుపెడతాడు. మునిరత్నమ్మది పుంగనూరు పక్క పల్లె. చలికాలంలో కంచెల మీద కాయలు పగిలినప్పుడు గింజలు ఏరి పెట్టుకుని, పండగ ముందు బొమ్మలు చేసేవాళ్ళకు అమ్ముతుంది. వానలు పడ్డాక అదే తీగ ఆకు కోసి, ఎండబెట్టి, మదనపల్లె మిషన్ కాంపౌండు వెనక ఉండే ప్రేమకుమారికి తెచ్చిస్తుంది. ఆకు తియ్యగా ఉంటుంది. గింజ విషం. ఒకే తీగ, ఒకే మనిషి, ఆ రోజు ఒకే సంచి.

ఆ సంచిలో ఆకంతా ప్రేమకుమారి గురువారమే పొడి కొట్టేసింది. అయినా ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసిన మనిషి. పదిమంది కడిగిన గాజు గొట్టాన్ని పదకొండోసారి తాను కడిగితే తప్ప శుభ్రమైందని ఒప్పుకునేది కాదు. ఎవరి చేతి మురికైనా ఆమెకు ఆమడ దూరం నుంచి కనిపించేది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని పెద్దలు ఊరికే అనలేదు.

రిటైరయ్యాక ఆమె పట్టుకున్న పని, చక్కెరకు బదులు వేసుకునే ఈ ఆకు పొడి. చర్చిలో సగం మందికి షుగరు. ఆదివారం కూటం అయ్యాక టీ కప్పు పట్టుకుని నలుగురూ నీరసంగా ముఖాలు చూసుకోవడం ఆమె చూడలేకపోయింది. ఆకు పొడి తాను నలభై రోజులు తిన్నది. రోజు విడిచి రోజు రక్తం తీయించుకుంది, బీపీ చూసుకుంది, కిడ్నీ పరీక్ష చేయించుకుంది. తెలిసిన ల్యాబుకు ఒక పొట్లం పంపి సీసం లేదు, బూజు లేదు అని కాగితం తెప్పించుకుంది. ఇక అక్కడి నుంచి ప్రతి ప్యాకెట్ మీదా తన చేత్తో రాసేది: "పరీక్షించినది. ప్రేమకుమారి, ల్యాబ్, రిటైర్డ్." ఉచితంగానే పంచేది. ఆ మాట చూసి చర్చి అంతా ధైర్యంగా తిన్నది.

తినని మనిషి ఒక్కడే, కూతురు బీనా మొగుడు, అల్లుడు నిఖిల్. కుప్పంలో ఒక కాలేజీలో ఆహార పదార్థాల పాఠం చెబుతాడు. పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు ప్యాకెట్ చేతిలో తిప్పి చూసి మెల్లగానే అన్నాడు. "అత్తా, ఆ స్టీవియా అనే తీపి ఆకుకు కూడా పరీక్షలన్నీ జరిగింది ఆకులో నుంచి తీసి శుద్ధి చేసిన తీపి మీద. ఆకు వేరు, అది వేరు. ఎలుకలకు ఏళ్ళ తరబడి పెట్టి, సూడి ఎలుకలకూ పెట్టి, ఏ మోతాదు దాకా ఏమీ కాలేదో చూసి, దాన్ని మళ్ళీ వందతో భాగిస్తే గానీ మనిషికి ఇంత అని చెప్పరు. మీరు తిన్నది నలభై రోజులు, మీ ఒక్కరి ఒంటి మీద. బీనా కడుపుతో ఉండాది. దానికి మాత్రం వద్దు."

ఆ మాటకు ప్రేమకుమారి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తన పరీక్షను ఒక పిల్లవాడు తప్పు పట్టాడు. బీనాకు ఆరో నెలలో షుగరు పట్టుకుంది, నోరు చప్పబడిపోయిందని ఏడుస్తుంది, తల్లి చేతిలో మందు పెట్టుకుని ఊరుకోవాలా? అల్లుడికి తెలియకుండా పంపడం మొదలుపెట్టింది. శుక్రవారం పొద్దున బస్సు పార్సెల్లో పోయినది మూడోది.

ఇద్దరూ వరండాలో చుట్టి పెట్టిన సంచి దులిపారు. అడుగున పుల్లా దుమ్మూ, వాటి మధ్య చీర గుడ్డ మూట. ముడి వదులై ఉంది. చుట్టూ నాలుగైదు గింజలు దొర్లి ఉన్నాయి.

"ఎన్ని ఉండాయి నీ లెక్కన?"

"అరవై జతలమ్మా. కండ్లు కదా, జతల లెక్కే."

ప్రేమకుమారి తెల్ల గుడ్డ పరిచి రెండేసి గింజలు పక్కన పెట్టి లెక్క చూసింది. యాభై ఏడు జతలు వచ్చాయి. మళ్ళీ చూసింది. యాభై ఏడే. సంచి కుట్లు విప్పి చూసింది, వరండా మూలలు చీపురుతో ఊడ్చింది. మూడు జతలు లేవు.

అప్పుడు లోపలికి పోయి మిక్సీ జార్ తీసింది. కడిగే ఉంది, ఆమె కడగకుండా పెట్టదు. బ్లేడు విప్పి, కింద రబ్బరు చక్రం పైకి లాగింది. దాని సందులో గోరంత ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. గురివింద గింజ మింగితే గింజగానే బయటికి పోతుంది, పై పొట్టు అంత గట్టిది. పగిలితేనే చావు. ఆసుపత్రిలో రెండు కేసులు చూసింది. తిన్న రోజు బాగానే ఉంటారు. ఆ తర్వాత వాంతులు, నెత్తుటి విరేచనాలు, మూడో రోజుకు మనిషి మిగలడు. దానికి విరుగుడు లేదు.

ఆమె భర్త సత్యానందం, అదే ఆసుపత్రిలో మందులిచ్చి రిటైరైన మనిషి, విషయం విని ఫోను తెచ్చి చేతికిచ్చాడు. బీనా ఫోను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు.

"అల్లుడికి చెయ్," అన్నాడు.

"ఆయప్పకు ఏమని చెప్పేదండీ? వద్దన్నా పంపినానని చెప్పాలా? విషం పంపినానని చెప్పాలా? కడుపుతో ఉండే పిల్ల ఈ మాట వింటే బీపీ పెరిగి ఇంకొకటవుతుంది. నేనే పోయి చూస్తా."

"పోయేసరికి సాయంత్రమవుతుంది, ప్రేమా."

"వాంతులుంటే ఈపాటికి వాళ్ళే ఫోను చేసేటోళ్ళు," అంది ఆమె చీర కొంగు దోపుకుంటూ. మిగిలిన పదకొండు ప్యాకెట్లు అల్మారాలో పెట్టి తాళం వేసింది.

మనిషికి ప్రాణభయం కన్నా పరువుభయం పెద్దదని ఎవరైనా అంటే నవ్వేస్తాం. కూతురి ప్రాణం ఒక పక్క, అల్లుడి ముందు తలొంచుకోవడం ఒక పక్క పెట్టి తూచి, ఆ తల్లి ఒంటిగంట బస్సు ఎక్కింది. బీపీ అన్న సాకు బాగానే దొరికింది. సాకులు అడిగినవాళ్ళకు ఎప్పుడూ దొరుకుతాయి.

మునిరత్నమ్మ పక్క సీట్లో కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుని, ముడి మీద ముడి వేసి, రెండు చేతులతో పట్టుకుంది. టమేటా డబ్బాల లారీలు ఎదురొస్తుంటే బస్సు ఆగి ఆగి పోతోంది.

"మా మేకలు ఆ ఆకు తింటాయమ్మా, ఏమీ కాలేదు," అంది మునిరత్నమ్మ చివరికి. "దగ్గొస్తే మేమూ నములుతాము."

"ఆకు సంగతి కాదు."

"గింజ సంగతి మా తాత చెప్పేటోడు. ఆ కాలంలో తోలు కోసం పశువుల్ని సంపేటోళ్ళు ఉండిరంట. గింజ నూరి, ముద్ద చేసి, సూది మాదిరి ఎండబెట్టి ఎద్దుకు గుచ్చి పోయేటోళ్ళంట. గాయం కూడా కనపడదంట. రెండు దినాలకు ఎద్దు పడిపోయేదంట." ఆమె ఆగి ప్రేమకుమారి ముఖం చూసింది. "నేను మూట ఆడ పెట్టకుండా ఉండాల్సిందమ్మా. నా బుద్ధి గడ్డి తినింది."

ఎవరినైనా తిట్టి ఊరట పొందే అవకాశం వచ్చినా ప్రేమకుమారికి నోరు రాలేదు, ఆమె జీవితంలో అది మొదటిసారి కావచ్చు.

పుంగనూరులో మునిరత్నమ్మ దిగిపోయింది. బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. అప్పుడు బీనా ఫోను ఎత్తింది.

"నిద్రపోయినా అమ్మా. ఏం, ఇన్నిసార్లు చేసినావు?"

"ఊరికే. ఆ కొత్త ప్యాకెట్ అందిందా?"

"నిన్న సాయంత్రమే వచ్చె."

"తిన్నావా?"

అవతల ఒక్క క్షణం ఆలస్యమైంది. "తిన్నా అమ్మా. పొద్దున మజ్జిగలో. బాగుండాది."

బస్సు బయట వేరుశనగకాయలు అమ్మేవాడు కిటికీ తట్టాడు. ప్రేమకుమారి వాడి వైపు చూసి తల ఊపింది, ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు.

"కడుపులో ఎట్లుండాది? వాంతి గాని, తిప్పడం గాని?"

"ఏమీ లేదే. యాల అట్ల అడుగుతావు?"

"ఆ ప్యాకెట్ ఇంక ముట్టుకోవద్దు. పక్కన పెట్టు. నేను వస్తాండా."

"ఈడికా? ఇప్పుడా?"

"వస్తాండా," అని పెట్టేసింది. ఆసుపత్రికి పో అని ఒక్క మాట. గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెబితే పక్కన నిఖిల్ ఉంటాడు. మింగేసింది.

బస్సు కదిలాక లెక్క వేసుకుంది. లెక్కలే ఆమెకు తెలిసిన ప్రార్థన. ఆరు గింజలు, పన్నెండు ప్యాకెట్లు, ప్యాకెట్‌కు అర గింజ. ప్యాకెట్‌కు ముప్పై చెంచాలు. చెంచాకు గింజలో అరవయ్యో వంతు. అది ఏమంత లెక్క? ఏమీ కాదు. దేవుని దయ వల్ల ఏమీ కాదు. కొంచెం ఊపిరి ఆడింది. సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

కళ్ళు మూసుకుంటే గురువారం కనిపించింది. రెండు గంటలకు కరెంటు పోతుందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ప్రతిసారీ ఆకు తెల్ల గుడ్డ మీద పరిచి, పుల్లలూ పురుగులూ ఏరి, అప్పుడు జార్‌లో వేస్తుంది. పదకొండు జార్లకు అట్లే చేసింది. పన్నెండో జార్‌కు టైము లేదని సంచిలో చెయ్యి పెట్టి దోసిళ్ళతో తీసి నేరుగా వేసింది. ఆ జార్‌లో టకటకమని చప్పుడొచ్చింది. పుల్లలనుకుంది. పుల్లలు పోయేదాకా ఇంకో నిమిషం తిప్పింది.

ఆమె పొడి ఎప్పుడూ కలపదు. ఒక జార్ రుబ్బితే ఒక ప్యాకెట్, మూతి అంటించి పేరు రాయడం, తర్వాత ఇంకో జార్. పన్నెండిటికి పంచిన ఆరు గింజలూ ఇప్పుడు వెనక్కి వచ్చి ఒక్క ప్యాకెట్‌లో పడ్డాయి. ఆ చివరి పొడి అన్నిటికన్నా మెత్తగా నలిగిందని, కూతురికి బాగుంటుందని, చేత్తో తడిమి చూసుకుని మరీ పక్కన పెట్టింది.

బస్సు పలమనేరులో ఆగినట్టుంది. కండక్టరు దిగమన్నట్టుంది. కుప్పం బస్సు ఎక్కి కూర్చుంది. ఇక ఆగలేకపోయింది. నిఖిల్ పేరు నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెప్పండత్తా."

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అదే ఆమెను పట్టేసింది. వెటకారం ఉంటే దానికి జవాబుగానైనా చెప్పేసి ఉండేది.

"ఏం లేదప్పా. కుప్పం వస్తాండా. బస్టాండుకు వస్తావా?"

"వస్తాను. అంతా బాగుండాది కదా?"

"బాగుండాది," అంది.

వి.కోట దాటాక వాన పట్టుకుంది. అద్దం మీద నీళ్ళు కారుతుంటే బయట ఏమీ కనిపించలేదు. ఆమె బైబిలు వాక్యం ఒకటి గుర్తు తెచ్చుకోబోయి, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మోగితే చచ్చిపోతాననిపించింది. మోగకపోతే ఇంకా భయం వేసింది.

నిఖిల్ గొడుగుతో వచ్చి నిలబడ్డాడు. స్కూటరు మీద కూడా ఆమె చెప్పలేదు. ఇంటి ముందు దిగేసరికి ఐదున్నర దాటింది. తలుపు తీసింది బీనానే. కడుపు మీద చెయ్యి, ముఖం కళగా ఉంది, కాటుక పెట్టుకుంది. ఆ ముఖం చూసిన తర్వాత ప్రేమకుమారికి నోరు పెగిలింది. వాకిట్లోనే నిలబడి, తడి చెప్పులతోనే, అంతా చెప్పేసింది. మూట, మూడు జతలు, చివరి జార్, అన్నీ చెప్పింది. నిఖిల్ గొడుగు మూస్తూ సగంలో ఆగిపోయాడు.

"బీనా, పద," అన్నాడు. "ఇప్పుడే ఆసుపత్రికి పోదాం. ఎన్ని చెంచాలు వేసుకున్నావు?"

బీనా ఇద్దరినీ చూసింది.

"నేను తినలేదు," అంది. "ఒక్కటీ తినలేదమ్మా. ఈయన వద్దన్నాడు కదా. నువ్వు బాధపడతావని తింటాండానని చెప్తాంటి."

ప్రేమకుమారి గోడకు చేరగిలబడింది. ఒళ్ళంతా ఒక్కసారిగా తేలికైపోయింది. దేవా, నీకు స్తోత్రం, అని పైకే అంది. కూతురు తనను నమ్మలేదన్న బాధ కూడా ఆ క్షణంలో తీపిగానే ఉంది. అంత సంతోషం ఆమెకు బీనా పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఆ సంతోషం గురించి తర్వాత ఆమె ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

"మరి ప్యాకెట్ యాడ?" అన్నాడు నిఖిల్.

బీనా పైకి చూసింది. "మూడూ నాగరత్నమ్మకిచ్చినా."

నాగరత్నమ్మ ఇంటి ఓనరు. అరవై ఎనిమిదేళ్ళ విధవరాలు, షుగరు మనిషి, మేడ మీద ఒక్కతే ఉంటుంది. ముగ్గురూ మెట్లెక్కారు. బీనాను కిందనే ఉండమన్నా వినలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే పులిసిన వాసన కొట్టింది.

ముసలామె చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. పక్కన ప్లాస్టిక్ బకెట్. వాళ్ళను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"మూడు గంటల కాడి నుంచి వాంతులమ్మా," అంది. "రాత్రి సద్దన్నం తింటి, అదేమో పడలేదు. సల్లబడితే తగ్గుతుందని పడుకున్నా."

నిఖిల్ బకెట్ వైపు చూసి వెంటనే ఫోను తీసి అంబులెన్సుకు చేయసాగాడు. ప్రేమకుమారి ఆమె పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. నాడి సన్నగా, వేగంగా ఉంది. చెయ్యి చల్లగా ఉంది.

"అమ్మా, ఆకు పొడి తిన్నావా ఈరోజు?"

"పొద్దున మజ్జిగలో. మూడు సెంచాలు ఏసుకున్నా. సక్కెర కాదు కదా, ఎంత ఏసుకుంటే ఏమని." ఆమె కళ్ళు చికిలించి చూసింది. "నువ్వు బీనా వాళ్ళమ్మవా? నీ పేరు దినామూ సదువుతానమ్మా ప్యాకెట్ మీద. ల్యాబు అని ఉండాది కదా, ఆ ధైర్యంతోనే తింటాండా."

ప్రేమకుమారి ఆమె చెయ్యి వదల్లేదు. చెప్పాలి కాబట్టి చెప్పింది. అందులో విషపు గింజలు కలిశాయని, కలిపింది తానేనని, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. నాగరత్నమ్మ విన్నదో లేదో, ఇంకోసారి బకెట్ వైపు వంగింది. ఈసారి దాంట్లో ఎరుపు కనిపించింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు చకచకా పని చేశాడు. రెండు చేతులకూ సెలైన్లు పెట్టించాడు, పెద్దాసుపత్రికి పంపడానికి బండి సిద్ధం చేయమన్నాడు. వాళ్ళు వెంట తెచ్చిన ప్యాకెట్ తీసుకుని దాని మీద రాసినది చదివాడు. తర్వాత బయటికి వచ్చి, అట్ట మీద కాగితం పెట్టుకుని, ముసలామెను ఎవరు తెచ్చారని అడిగాడు. ప్రేమకుమారి ముందుకు వచ్చింది.

"ఎప్పుడు తిన్నారు?"

"పొద్దున, మజ్జిగతో. తొమ్మిదికేమో."

"మొదట్లోనే తెచ్చుంటే పొట్ట కడిగి, విషం పీల్చే బొగ్గు మందు పట్టేవాళ్ళం. కొంతైనా ఆగేది. ఇప్పుడు నీళ్ళెక్కించి చూడటమే, వేరే మందు లేదు దీనికి. మూడు రోజులు గడవాలి." అతను తల ఎత్తాడు. "ఇందులో గింజలు కలిశాయని మీకెప్పుడు తెలిసింది?"

గోడ మీద గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. బెంచీ మీద బీనా ఏడుపు ఆపింది. నిఖిల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, అత్త వైపు తిరిగి చూస్తున్నాడు. పలమనేరు నుంచి తనకు వచ్చిన ఫోను అతనికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"పన్నెండు గంటలకు," అంది ప్రేమకుమారి.

డాక్టరు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కాగితం మీద ఆ టైము రాసుకున్నాడు.